ఇటలీ శకటం

నల్లవాగుపురం అగ్నిమాపక కేంద్రానికి ఒక నీళ్ల లారీ ఉండేది. ఆ లారీకి నాగుల్‌మీరా అని ఒక డ్రైవరు ఉండేవాడు. ఇద్దరూ ఒకే నెలలో డ్యూటీలో చేరి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఇద్దరిలోనూ లారీకే ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. దాని పంపులో సీలు అరిగిపోయి, గొట్టంలోకి వెళ్లాల్సిన నీళ్లలో సగం నేల పాలయ్యేవి. సీలు ఖరీదు మూడు వేల రెండొందలు. దానికోసం నాగుల్‌మీరా రెండేళ్లలో తొమ్మిది అర్జీలు పెట్టుకున్నాడు. తొమ్మిదింటికీ "పరిశీలనలో ఉన్నది" అనే జవాబు వచ్చింది. ఆఫీసు వాళ్లు అబద్ధమాడరు, నిజంగా పరిశీలనలోనే ఉంది. ఈలోగా అతను సైకిల్ ట్యూబు ముక్కా, పాత గుడ్డా చుట్టి పంపుకి కట్టు కడుతూ నెట్టుకొస్తున్నాడు.

అతనికి ఆ సీలు మీద అంత పట్టుదల ఎందుకంటే, మిర్చి యార్డు వెనక తొడిమలపేట ఉంది. యార్డులో మిరపకాయలకి తొడిమలు తీసే కూలీల గుడిసెలు అక్కడ రెండొందల దాకా ఉంటాయి. అన్నీ తాటాకువి, ఒకదాని చూరు ఇంకోదాని చూరుకి తగులుతూ ఉంటుంది. ఇళ్లకి తెచ్చుకున్న పనివల్ల వాకిళ్ల నిండా ఎండు తొడిమలు పరిచి ఉంటాయి. ఏటా ఎండాకాలంలో అక్కడ ఏదో ఒకటి అంటుకుంటుంది. నాలుగేళ్ల కిందట అక్కడి కూలీ మరియమ్మ గుడిసె అంటుకుంటే నాగుల్‌మీరా లారీయే ఆర్పింది. అప్పట్నుంచి ఆవిడ అతన్ని అన్నా అని పిలుస్తుంది, పండక్కి కేకు ముక్క పంపిస్తుంది. సీలు పూర్తిగా పోయిన రోజున ఆ పేట అంటుకుంటే ఏమిటి గతి అన్నదే అతని దిగులు. పైకి చెప్పుకోవడానికి అర్జీ తప్ప వేరే దారి లేదు.

పదో అర్జీ రాస్తుండగా పైనుంచి సర్క్యులర్ వచ్చింది. స్టేషన్ ఆఫీసరు శివసుందరం దాన్ని నిలబడి చదివాడు. ఆయన పైనుంచి వచ్చిన కాగితం ఏదైనా నిలబడే చదువుతాడు.

"ఇకమీదట ప్రతి కేంద్రమూ ప్రమాద స్థలానికి ఆరు నిమిషములలోపు చేరుకొనవలెను. ప్రథమ శకటము చేరిన సమయమే స్పందన కాలముగా పరిగణించబడును. విఫలమైన కేంద్రాధికారి వార్షిక ఇంక్రిమెంటు నిలుపుదల చేయబడును."

"మన లారీ ఎంతలో వెళ్తుందయ్యా తొడిమలపేటకి?" అని అడిగాడు.

"తొమ్మిది నిమిషాలండి. సీలు వేస్తే..."

"సీలు వేస్తే వేగం పెరుగుతుందా?"

"పెరగదండి. నీళ్లొస్తాయి."

శివసుందరం కాగితాన్ని మళ్లీ పైనుంచి కింద దాకా చూశాడు. "ఇందులో నీళ్ల ప్రస్తావన లేదు," అన్నాడు. అదీ మొదలు.

కొత్త లారీ కొందామంటే పొదుపు ఉత్తర్వు అడ్డొచ్చింది. కొత్త వాహనాల కొనుగోలు నిషేధం. పాత వాహనాల గురించి మాత్రం ఉత్తర్వు ఏమీ అనలేదు. కాబట్టి పాత వాహనానికి టెండరు పిలిచారు. నిబంధన ప్రకారం కనీసం మూడు రావాలి, మూడే వచ్చాయి. ఒకటి వాడిన నీళ్ల ట్యాంకరు. రెండోది పాల వ్యాను. మూడోది ప్లాట్ల వ్యాపారి చెన్నకేశవులు గారి ఇటలీ కారు.

ఈ చెన్నకేశవులు గారు వ్యాపారం ఊపుమీదున్నప్పుడు పట్నంలో ఎవరి దగ్గరో ఆ కారుని సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చాడు. ఎర్రటి కారు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. ఇంటినుంచి బయల్దేరి వీధి చివర స్పీడు బ్రేకరు దాకా వెళ్లి, అక్కడ పొట్ట గీసుకుని, వెనక్కొచ్చింది. రెండేళ్లుగా షెడ్లో గుడ్డ కప్పుకుని ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ దాని పక్కన ఫొటో దిగి, కాఫీ తాగి, వెళ్లిపోయేవారు.

పాత నీళ్ల ట్యాంకరు పన్నెండు లక్షలు, గంటకి ఎనభై కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ఒక్కో కిలోమీటరు వేగానికి పదిహేను వేలు. పాల వ్యాను పదకొండు వేలకి దిగింది. ఇటలీ కారు ఇరవై నాలుగు లక్షలు, వేగం మూడొందల ఇరవై. అంటే కిలోమీటరుకి ఏడున్నర వేలే. కమిటీ ముగ్గురూ మూడుసార్లు లెక్క వేశారు. ఎటుచూసినా అదే చవక.

"అందులో నీళ్లు ఎక్కడ పోస్తారండీ?" అని చెన్నకేశవులే అడిగాడు. ఎంతయినా వ్యాపారి, కొనేవాడి మేలు కోరడం అతనికి అలవాటు లేకపోయినా ఆ పూట ఎందుకో నోరు జారింది.

"టెండరు షరతుల్లో లేని ప్రశ్నలు వేయరాదు," అన్నాడు శివసుందరం.

పాత వాహనం కొనేముందు యాంత్రిక పరిశీలన తప్పనిసరి. డివిజన్ ఆఫీసునుంచి వామనమూర్తి గారు వచ్చారు. ముప్ఫై ఏళ్లుగా జీపులూ లారీలూ తప్ప ఇంకోటి చూడని మనిషి. కళ్లజోడు సర్దుకుని కారు ముందు భాగం తెరిపించారు. లోపల ఒక గొడుగూ, చెన్నకేశవులు పెళ్లిరోజు నాటి ఎండిపోయిన దండా ఉన్నాయి.

"ఇంజిన్ లేదు," అని రాసుకున్నారు.

"వెనకాలుందండి," అన్నాడు నాగుల్‌మీరా. వెనక మూత ఎత్తి చూపించాడు కూడా.

వామనమూర్తి గారు తొంగి చూసి తల అడ్డంగా ఊపారు. "వెనక ఉండేది డిక్కీ. డిక్కీలో ఏది ఉన్నా అది సామాను కిందే వస్తుంది."

"అదే నడిపిస్తదండి బండిని."

"నడిపించనీ. నా ఫారంలో ఇంజిన్ గడి ముందు భాగం కింద ఉంది. నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను."

ఉన్నది ఉన్నట్టే రాశారు. "సదరు వాహనము నందు ఇంజిన్ లేదు. సామాను రూపేణా ఒక ఇంజిన్ కలదు. వాహనము నడుచుచున్నది. కొనుగోలుకు అభ్యంతరము లేదు. ఇంజిన్‌ను తదుపరి సరియైన స్థానమునకు మార్చుకొనవలెను."

అలా ఇటలీ కారు ఇటలీ శకటమైంది. అగ్నిమాపక శకటానికి గంట ఉండాలి, పెట్టారు. నాలుగు ఇసుక బకెట్లు ఉండాలి. రెండు శివసుందరం కాళ్ల దగ్గరా, రెండు ఒళ్లోనూ కుదిరాయి. ముప్ఫై అయిదడుగుల నిచ్చెన పైన కడితే కారుకన్నా అదే పొడుగై ముందుకి వాలింది. నిచ్చెన పొడవుని నిబంధన చెప్పింది గానీ ఒకే ముక్కగా ఉండాలని చెప్పలేదు కాబట్టి, దాన్ని కోసి మూడు మెట్ల ముక్క కారు మీదా, మిగతాది స్టేషన్లోనూ ఉంచారు.

ఇక స్పీడు బ్రేకర్లు. ఊళ్లో పదకొండున్నాయి. అత్యవసర సేవలకి ఆటంకమని మున్సిపాలిటీకి లేఖ వెళ్లింది, పదకొండూ తవ్వేశారు. బడి ముందున్నదానికి హెడ్మాస్టరు గారు అభ్యంతరం చెబితే, పిల్లలకి వేగంగా రోడ్డు దాటడంలో వారం రోజుల శిక్షణ ఇప్పించారు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, స్టేషన్లో డ్రైవరు ఒక్కడే. రెండో పోస్టు ఖాళీగా ఉండి పదహారేళ్లయింది. అందుకని పద్ధతి ఇలా ఏర్పాటయింది. ఫోను రాగానే నాగుల్‌మీరా శకటంలో ఆఫీసరు గారిని తీసుకుపోవాలి. ఆఫీసరు గారు దిగి, వాచీ చూసి, చేరిన సమయం రాసి, బాధితుడి సంతకం తీసుకోవాలి. తర్వాత నాగుల్‌మీరా స్టేషన్‌కి తిరిగొచ్చి, అక్కడ లారీ ఎక్కి కూర్చున్న ఫైర్‌మన్లని తీసుకుని మళ్లీ వెళ్లాలి.

మొదటి ఫోను వాగు ఒడ్డునుంచి వచ్చింది. శాయన్న అనే రైతు గడ్డివాము అంటుకుంది. శకటం నిమిషం యాభై సెకన్లలో వెళ్లి నిలబడింది. దాని చప్పుడుకి గేదెలు కట్లు తెంపుకుని పోయాయి. శాయన్న ఏడుస్తూ ఎదురొచ్చాడు.

"నీళ్లేవయ్యా?"

"ముందు ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు శివసుందరం. "మేము చేరుకున్నట్టు."

"చేరుకున్నారు గదా, కనబడతానే ఉన్నారు. నీళ్లెయ్యండి మరి."

"చూడు బాబూ, చేరుకోవడం ఒక దశ. ఆర్పడం తదుపరి దశ. దశలు కలిపేస్తే రికార్డు పాడవుతుంది."

శాయన్న సంతకం పెట్టాడు. నాగుల్‌మీరా వెనక్కి వెళ్లి లారీ తెచ్చేసరికి ఆర్పడానికి బూడిద మిగిలింది. దానిమీదే నీళ్లు పోసి వచ్చాడు. ఆ పూట అన్నం సయించలేదు. భార్య అడిగితే, "ఇవాళ ఒకే మంటకి రెండుసార్లు బొయ్యాను, రెండుసార్లూ పనికిరాలా," అన్నాడు.

నెల తిరిగేసరికి రాష్ట్రంలోకెల్లా మేటి స్పందన కాలం నల్లవాగుపురానిదే అయింది. శివసుందరం ఇంక్రిమెంటు దక్కడమే కాదు, ఒకటి పెరిగింది కూడా. అయితే పై ఆఫీసులో ఎవరో బుద్ధిమంతుడు లారీ చేరిన సమయాలు కూడా రిజిస్టర్లో ఉన్నాయని కనిపెట్టాడు. రెండూ కలిపితే సగటు పాడవుతోంది. సగటు పాడుచేస్తున్న వాహనాన్ని వెంటనే సేవనుంచి తొలగించి వేలం వేయమని ఉత్తర్వు వచ్చింది.

నాగుల్‌మీరా జీవితంలో మొదటిసారి ఆఫీసరు గదిలోకి పిలవకుండా వెళ్లాడు. "అయ్యా, లారీ పోతే తొడిమలపేట గతి ఏంది?"

"శకటం ఉందిగా."

"దాంట్లో నాలుగు బకెట్ల ఇసకుంది. అక్కడ రెండొందల గుడిసెలున్నయ్యి."

శివసుందరం చెడ్డవాడు కాదు. బీరువాలోని ఫారాలన్నీ ఒకసారి తిరగేశాడు. తర్వాత, "నీ భావన సముచితమే. కాని భావనకి ఫారం లేదు," అన్నాడు. లారీ మీద సుద్దముక్కతో వేలం నంబరు వేశారు. ట్యాంకులో నీళ్లు నింపవద్దని కూడా ఉత్తర్వులో ఉంది. నాగుల్‌మీరా రోజూ పొద్దున్నే వచ్చి నింపుతూనే ఉన్నాడు.

ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలు వచ్చాయి. ఈ అద్భుతాన్ని కళ్లారా చూడాలని ఉపసంచాలకులు రంగనాయకులు గారు స్వయంగా విచ్చేశారు. తొడిమలపేటలో ప్రదర్శన. మంట ఏమీ ఉండదు, ఉన్నట్టు అనుకోవాలి. పదిన్నరకి ఉత్తుత్తి ఫోను చేశారు. పది ముప్ఫై రెండుకల్లా శకటం పేటలోకి గర్జిస్తూ వచ్చి మరియమ్మ గుడిసె పక్క వాకిట్లో ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మరియమ్మ కూడా కొట్టింది, మీరా అన్న నడుపుతున్నాడు కదా అని.

"అయ్యా, ఇక్కడ ఆపకూడదండి. కింద తొడిమలున్నయ్యి, బండి కింద కాల్తా ఉంటది," అన్నాడు నాగుల్‌మీరా.

"వేదికకి ఎదురుగా ఉండాలని కార్యక్రమ పత్రంలో ఉంది," అన్నాడు శివసుందరం ఒళ్లోని బకెట్లు సర్దుకుంటూ.

రంగనాయకులు గారు మైకు అందుకున్నారు. "వేగమే భద్రత. జాప్యమే ప్రమాదము. ఈ శకటమును తిలకించినచో అగ్నియే భయపడి..." అంటుండగా ఆయనకి దగ్గొచ్చింది. ఆ వెనకే శివసుందరానికి. ఆ వెనకే పేటంతా దగ్గింది. కాలిన మిర్చి ఘాటు తగిలితే ఎవరైనా దగ్గాల్సిందే, హోదాతో నిమిత్తం లేదు. కారు కింద తొడిమలు రాజుకున్నాయి. అప్పుడు పది ముప్ఫై ఆరు. శకటం తానే అంటుకుంది, దాని మంట పక్క గుడిసె చూరుని అందుకుంది. నాలుగు బకెట్ల ఇసుకా పోశారు.

నాగుల్‌మీరా మైకు వైపు గానీ ఆఫీసరు వైపు గానీ చూడలేదు. పరిగెత్తి రోడ్డెక్కి, ఎదురొచ్చిన ఆటోలో పడి స్టేషన్‌కి పోయాడు. ఫైర్‌మన్లని ఎక్కించుకుని, సుద్దముక్క నంబరుతో సహా లారీని బయటికి తీశాడు. పేటకి చేరేసరికి పది యాభై అయిదు. ఫైర్‌మన్లు గొట్టం పట్టుకున్నారు. అతను పంపు దగ్గర కూర్చుని, సీలు ఉండాల్సిన చోట గుడ్డ చుట్టి, కారిపోతున్న నీటిని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. సగం నీళ్లు అతని ఒళ్లోంచే పోయాయి. పేట దక్కింది. మూడు గుడిసెలు దక్కలేదు. మూడోది మరియమ్మది. ఆ పోయిన సగం నీళ్లుంటే అది దక్కేదని అతనికి తెలుసు.

మరియమ్మ మేకని పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. "అందరికన్నా ముందే వచ్చావు గదన్నా," అంది. "నీళ్లు తెచ్చుకోని రాకపోయావా?"

ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరూ అతన్ని అంత మాట అనలేదు.

ఇంతా అయ్యాక శివసుందరానికి సస్పెన్షన్ తప్పదని అందరూ అనుకున్నారు. మూడోరోజు పైనుంచి కాగితం వచ్చింది. ఆయన నిలబడి చదివాడు.

"ప్రమాదము పది ముప్ఫై ఆరుకు సంభవించినది. శకటము పది ముప్ఫై రెండుకే చేరియున్నది. కావున స్పందన కాలము మైనస్ నాలుగు నిమిషములు. ప్రమాదము కంటే ముందుగా చేరుకొన్న తొలి కేంద్రముగా నల్లవాగుపురమును అభినందించడమైనది. తక్కిన కేంద్రములు ఆదర్శముగా తీసుకొనవలెను."

కిందనే నాగుల్‌మీరాకి మెమో. అదే ప్రమాదానికి అతను మైనస్ నాలుగు నిమిషాలకి ఒకసారి, పంతొమ్మిది నిమిషాలకి ఒకసారి చేరుకున్నాడు. ఒకసారి చేరిన ఉద్యోగి, తొలగించబడిన వాహనములో, మళ్లీ ఎందుకు చేరవలసి వచ్చిందో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఆ కవరులోనే ఒక చిన్న పొట్లం కూడా ఉంది. విప్పితే సీలు. రెండేళ్ల పరిశీలన ముగిసింది. మంజూరు కాగితం మీద ఇలా ఉంది: "కేంద్రము నందు ప్రస్తుతము గుర్తింపు గల ఏకైక వాహనమగు ఇటలీ శకటమునకు పంపు సీలు ఒకటి. అమర్చి, తెలియజేయవలెను."

పేటనుంచి లాక్కొచ్చిన ఇటలీ శకటం స్టేషన్ ఆవరణలో మాడి, నల్లటి పెంకులా పడి ఉంది. నాగుల్‌మీరా సీలుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం చేశాడు. తర్వాత ఆఫీసరు గదిలోకి వెళ్లాడు.

"అయ్యా, శకటం కాలిపోయిందని పైకి రాశారా?"

శివసుందరం గొంతు తగ్గించాడు. "ఎట్లా రాస్తానయ్యా. కాలిందని రాస్తే దాని ఖరీదు నా జీతంలో కోత. పైగా మైనస్ నాలుగు తెచ్చిన వాహనం కాలిపోయిందంటే పైవాళ్ల అభినందన ఏమైపోతుంది?"

"అయితే అది బాగానే ఉన్నట్టు."

"రికార్డు ప్రకారం దివ్యంగా ఉంది."

"లారీ వేలానికి బోవాల."

"ఎల్లుండే."

నాగుల్‌మీరా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు. "రెండు నంబరు ప్లేట్లండి. పావుగంట పని."

శివసుందరం స్క్రూడ్రైవరు వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. "నేను భోజనానికి వెళ్తున్నాను," అన్నాడు.

ఎల్లుండి వేలంలో పాత ఇనుము కొనేవాడు ఒకడు ఆ మాడిన పెంకుని చూసి, "పాత లారీ అన్నారు, ఇంత చిక్కిపోయిందేందండీ?" అని అడిగాడు.

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు," అన్నాడు శివసుందరం. కొన్నవాడు తూకం వేయించుకుని తీసుకుపోయాడు.

ఇక మిగిలింది ఆ వారంలోనే పడ్డ వామనమూర్తి గారి వార్షిక పరిశీలన. ఆయన ఇటలీ శకటం నంబరు చూసుకుని, కళ్లజోడు సర్దుకుని, లారీ ముందు భాగం తెరిపించారు. నిండుగా ఇంజిన్ ఉంది. ఆయన ముఖం విప్పారింది.

"చెప్పానా," అన్నారు. "గత సంవత్సరం నా అభ్యంతరాన్ని ఎవరూ లక్ష్యపెట్టలేదనుకున్నాను. ఇప్పుడు సరియైన స్థానంలో ఉంది." చుట్టూ ఒకసారి తిరిగారు. పైకి చూశారు. "కాస్త ఎత్తు కూడా పెరిగినట్టుందే."

"నీళ్లు పోస్తన్నామండి," అన్నాడు నాగుల్‌మీరా.

"పోస్తూ ఉండండి," అని సంతకం పెట్టారు వామనమూర్తి గారు. సంజాయిషీ కాగితంలో నాగుల్‌మీరా ఒకటే వాక్యం రాశాడు: "సీలు అమర్చడమైనది." పైవాళ్లు దాన్ని ఏ ఫైల్లో పెట్టారో గానీ మళ్లీ అడగలేదు.

ఆ మర్నాడు పొద్దున అతను లారీ వేసుకుని తొడిమలపేటకి వెళ్లాడు. ఎక్కడా ఏమీ అంటుకోలేదు. మరియమ్మ కాలిన చోటే కొత్త గోడ లేపుతోంది, మోకాళ్ల దాకా మట్టి. లారీ చప్పుడుకి తలెత్తింది గానీ దగ్గరికి రాలేదు.

"ఆ ఎర్ర కారు ఏమైందన్నా?" అంది చివరికి.

"ఇదేనమ్మా."

ఆవిడ లారీని పైనుంచి కింద దాకా చూసింది, నంబరు ప్లేటు చూసింది, అతని ముఖం చూసింది. చెయ్యి తుడుచుకుని వచ్చి ట్యాంకు మీద రెండు దెబ్బలు తట్టింది. నిండు కడవ తట్టినట్టు పలికింది.

"నీళ్లున్నయ్యా దీంట్లో?"

"ఉన్నయ్యి."

"కారతందా ఇంకా?"

నాగుల్‌మీరా కిందికి దిగి పంపు తిప్పాడు. నేల మీద ఒక్క చుక్క పడలేదు. మరియమ్మ వంగి ఆ పొడి నేలని చేత్తో తడిమి చూసింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి రెండు బిందెలు తెచ్చి గొట్టం కింద పెట్టింది.

"పట్టన్నా," అంది. "గోడకి మట్టి కలపాల."